దారిలో దొరికిన దుంగ

అమెరికాలో ఉష్ణమండలపు చెట్లు పెరిగే నేల చాలా తక్కువ. పసిఫిక్‌లో హవాయి దీవులు, గ్వామ్, అమెరికన్ సమోవా. కరీబియన్ సముద్రంలో ప్యూర్టో రికో, వర్జిన్ దీవులు. ప్రధాన భూభాగంలో ఫ్లోరిడా దక్షిణపు కొస, దాని కింద వరుసగా ఉన్న కీస్ దీవులు. ఫ్లోరిడా కొస కర్కట రేఖకు కాస్త ఉత్తరానే ఉన్నా అక్కడ మంచు దాదాపు పడదు కాబట్టి కరీబియన్ చెట్లు నిశ్చింతగా పెరుగుతాయి. ఈ కొద్దిపాటి నేల మీద దేశమంతటి నుంచీ ఒక రకం ప్రయాణికుల కన్ను ఉంటుంది. చెక్కను లేత్ మీద తిప్పుతూ ఉలితో గిన్నెలు, కూజాలు, మూతపెట్టెలు, కలాలు తీసేవాళ్లు వాళ్లు. సెలవుల్లో సముద్రం చూడ్డానికి వెళ్లినా వాళ్ల చూపు రోడ్డు పక్కన నరికి పడేసిన కొమ్మల మీదికే పోతుంది.

ఈ పని తెలుగువాళ్లకు కొత్తది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్క అద్ది బొమ్మలు చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏటికొప్పాక కళాకారుడికి ఆ ఒక్క కర్ర చాలు. దాని గుణం తరాలుగా చేతికి అలవాటైనదే. అమెరికాలో ఈ అభిరుచి ఉన్నవాళ్లది దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. పని ఒక్కటే, కర్ర మాత్రం వీలైతే ప్రతిసారీ వేరే కావాలి. కొత్త కర్ర చేతికి వస్తే మొదట తేలాల్సింది దాని పేరు. అది ఎండేటప్పుడు ఎలా వంకరపోతుందో, దాని పొడి ఒంటికి పడుతుందో లేదో, దాన్ని తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో అన్నీ పేరు తెలిశాకే తెలుస్తాయి.

దొరికిన కర్ర అంటే అడవిలోకి వెళ్లి కొట్టుకొచ్చింది అనుకోకూడదు. చాలావరకు అది ఊళ్లోనే దొరుకుతుంది. గాలివానకు పడిపోయిన వీధి చెట్టు, ఇంటి పైకప్పు మీదికి వాలుతోందని కొట్టించిన మామిడి, కరెంటు తీగలకు అడ్డమని నరికిన నిద్రగన్నేరు కొమ్మ, మునిసిపాలిటీ వాళ్లు ఎరువు చేయడానికి ఒకచోట కుప్పపోసిన మోళ్లు ఇందుకు మూలాలు. చెట్లు కొట్టే కాంట్రాక్టర్లకు దుంగలను వదిలించుకోవడమే ఖర్చు కాబట్టి అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు. పెద్ద తుపానులు వస్తే ఇక చెప్పక్కర్లేదు. 1992 ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ, అదే ఏడాది సెప్టెంబరు 11న కవాయి దీవిని ఊడ్చిన ఇనికి, 2017 సెప్టెంబరు 20న ప్యూర్టో రికో మీద పడ్డ మరియా లెక్కలేనన్ని చెట్లను పడగొట్టాయి. అందులో ఎక్కువ భాగం ముక్కలై, పొట్టయి, మట్టిలో కలిసింది. మిగిలిన కొద్దీ రంపం పట్టుకుని ముందుగా వచ్చినవాళ్లకు దక్కింది.

హవాయిలో దిగిన తెలుగు ప్రయాణికుడికి ఒక సౌలభ్యం ఉంది. అక్కడి లేత్ పనివాళ్లు మురిసిపోయే చెట్లలో సగం మన ఊళ్లలో ఉన్నవే. వాళ్లు మిలో అనేది మన గంగరావి. కమాని అనేది పొన్న. కౌ అనే చెట్టు మన బంకనక్కెరకు దగ్గరి చుట్టం. ఐరన్‌వుడ్ అంటే కోస్తా ఇసుక నేలల్లో తోపులుగా పెంచే సరుగుడు. 1847లో హవాయికి వచ్చిన మంకీపాడ్ మన రోడ్ల పక్క నిద్రగన్నేరే. 1828లో హొనొలులులో ఒక ఫ్రెంచి మతగురువు నాటిన గింజ నుంచి దీవులంతటా వ్యాపించిన కియావె మన సర్కారు తుమ్మ జాతిది. మామిడి, చింత, నేరేడు, పనసల సంగతి వేరే చెప్పక్కర్లేదు. దీవుల సొంత చెట్టయిన కోవా మాత్రం ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. బంగారు గోధుమ రంగులో, వెలుతురు పడిన వైపును బట్టి అలలుగా మెరిసే ఆ చెక్క అమెరికాలో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. అందుకే అది దారిలో ఊరికే దొరకదు. దొరికిందంటే ముందు అనుమానించాలి.

పాత హవాయి ప్రజలు లేత్ లేకుండానే కౌ, మిలో, కమాని కర్రలతో ఉమెకె అనే గుండ్రటి గిన్నెలు తొలిచేవారు. కౌ చెక్క తిండికి ఏ వాసనా, రుచీ అంటించదని దానికి పెద్దపీట. పందొమ్మిదో శతాబ్దంలో బయటి నుంచి వచ్చిన ఒక చిమ్మెట పురుగు ఆకులు తినేసి ఆ చెట్లను చాలావరకు చంపేసింది. ఇప్పుడు కనిపించే కౌ చెట్లలో ఎక్కువ భాగం పార్కుల్లో, వీధుల్లో తిరిగి నాటినవి.

చెక్కను గుర్తుపట్టడం కన్నా చెట్టును గుర్తుపట్టడం ఎంతో సులువు. అనుభవం ఉన్నవాళ్లు అందుకే రంపం తీయకముందే ఆకు, కాయ, పువ్వు, బెరడు ఫోటో తీసుకుంటారు. దుంగ పడి ఉన్నచోట మోడు కోసం వెతుకుతారు; మోడు మీద చిగురు వేసి ఉంటే సగం పని అయిపోయినట్టే. పొరుగింటివాళ్లను అడుగుతారు. ఆకు ఫోటోను ఐనాచురలిస్ట్ లాంటి ఫోన్ యాప్‌లో పెడితే సాధారణమైన చెట్టయితే పేరు క్షణాల్లో వస్తుంది. అదే కర్ర గ్యారేజీకి చేరి, బెరడు రాలిపోయి, ఏడాది ఎండాక పేరు కనుక్కోవాలంటే నిపుణులకే తల ప్రాణం తోకకు వస్తుంది. కొన్ని బెరళ్లు తమంత తామే చెప్పేస్తాయి. ఫ్లోరిడాలో గంబో లింబో చెట్టు బెరడు ఎర్రగా, నిగనిగలాడుతూ, పలచటి పొరలుగా ఊడుతుంది. ఎండకు ఒళ్లు కమిలి తోలు ఊడే యాత్రికులను గుర్తుచేస్తుందని అక్కడివాళ్లు దానికి టూరిస్టు చెట్టని ఎగతాళి పేరు పెట్టారు. దాని కొమ్మ నరికి నేలలో గుచ్చితే వేళ్లు వేస్తుంది. చెక్క మాత్రం మెత్తన, ఉలికి పీచు లేస్తుంది.

వాడుక పేర్లను నమ్ముకుంటే తిప్పలే. ఐరన్‌వుడ్ అనే పేరు ప్రపంచంలో ఎన్నో సంబంధం లేని చెట్లకు ఉంది. ఫ్లోరిడా వాళ్లు అదే సరుగుడును ఆస్ట్రేలియన్ పైన్ అంటారు, అది పైన్ కాకపోయినా. రోజ్‌వుడ్, మహాగని అనే మాటలైతే వ్యాపారులు ఎర్రటి చెక్కకల్లా తగిలిస్తారు. మిలోను కూడా పసిఫిక్ రోజ్‌వుడ్ అని అమ్ముతారు గానీ అసలైన రోజ్‌వుడ్ జాతి డల్బర్జియాతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అది మందార కుటుంబానికి చెందినది. తమాషా ఏమిటంటే అసలైన డల్బర్జియా ఉష్ణమండలం దాకా వెళ్లకుండానే దొరుకుతుంది. ఉత్తర భారతంలో విరివిగా పెరిగే సిస్సూ చెట్టును ఆరిజోనాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల కాలనీల్లో నీడ కోసం తెగ నాటారు. దాని వేళ్లు గోడలనూ, నడకదారులనూ ఎత్తేస్తుంటే కొట్టించేవాళ్లూ అంతే తెగ ఉన్నారు. తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన ఆ ఊళ్లలో పెరటి చెత్తగా పోయే ఆ దుంగలు అచ్చమైన రోజ్‌వుడ్ కుటుంబపు కలప.

ఆకూ బెరడూ లేని దుంగ దొరికితే ఇక అడ్డుకోతే దిక్కు. కొత్త బ్లేడుతో దుంగ కొసను గోరంత మేర నున్నగా, ఒక్క వేటులో కోయాలి. రంపం కోసిన ముఖం మీద గీతలు తప్ప ఏమీ కనిపించవు. కోసినచోట కాస్త నీటి తడి చేసి, పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించి, ముక్కను దాని దగ్గరికి తేవాలి. అప్పుడు కనిపించే చుక్కలు నీళ్లు పైకి మోసే దారు నాళాల నోళ్లు. చలి దేశపు ఓక్ లాంటి చెట్లలో వసంతంలో పెద్ద నాళాలు, వేసవి చివర చిన్నవి ఏర్పడటంతో వలయాలు స్పష్టంగా కనబడతాయి. ఉష్ణమండలపు చెట్లకు నిద్రపోయే కాలం తక్కువ కాబట్టి వాటిలో నాళాలు చాలావరకు అంతటా ఒకే తీరుగా చెదిరి ఉంటాయి. వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం అందుకే అక్కడ కుదరదు. టేకు ఇందుకు పేరుపడ్డ మినహాయింపు.

నాళాల చుట్టూ ఉండే లేత రంగు మృదు కణజాలమే అసలు సాక్షి. చిక్కుడు కుటుంబపు చెట్లలో, అంటే కోవా, నిద్రగన్నేరు, చింత లాంటివాటిలో, అది నాళాన్ని చుట్టి ఇరువైపులా రెక్కలు చాచినట్టు ఉంటుంది. ఒక్కోసారి ఆ రెక్కలు పక్కదానితో కలిసిపోతాయి. మర్రి, రావి జాతుల్లో అది నాళాలతో పని లేకుండా వెడల్పాటి పట్టీలుగా సాగుతుంది. మహాగనిలో పెరుగుదల ఆగినచోటల్లా సన్నటి లేత గీత గీసి ఉంటుంది, నాళాల్లో ఎర్రటి బంక గడ్డకట్టి ఉంటుంది. నిలువు ముఖం కూడా చూడాలి. డల్బర్జియా, వేగిస జాతులు, మహాగనిలో కిరణ కణజాలం అంతస్తులుగా పేర్చినట్టు అమరి ఉండటంతో చెక్క మీద సన్నటి అలల గీతలు కనబడతాయి. నాళాలే లేకపోతే అది పైన్ కుటుంబపు తరహా చెట్టు. చుక్కలు కుప్పలు కుప్పలుగా చెదిరి, వలయాలూ కిరణాలూ ఏవీ లేకపోతే కొబ్బరి, తాటి లాంటిది.

రంగు మోసం చేస్తుంది. పచ్చిగా ఉన్నప్పటి నారింజ రంగు ఎండలో నెల తిరిగేసరికి గోధుమ రంగుకు దిగుతుంది. నీటిలో మునిగిందా తేలిందా అన్న పరీక్ష కూడా ఎండిన ముక్కకే చెల్లుతుంది. పచ్చి దుంగలో ఎండు చెక్క బరువును మించిన నీరు ఉండవచ్చు కాబట్టి తేలికపాటి కర్ర కూడా మునుగుతుంది. ఎండాక కూడా మునిగే చెక్కలు కొద్దే. ఫ్లోరిడా కీస్‌లో పెరిగే లిగ్నమ్ వైటే వాటిలో ఒకటి. దాని జిడ్డుకు తోడు గట్టిదనం ఎంతటిదంటే ఓడల ప్రొపెల్లర్ ఇరుసులకు బేరింగులుగా వాడేవారు. వాసన మాత్రం నమ్మకమైన సాక్షి, కొత్తగా కోసినప్పుడు పీల్చగలిగితే. ఇంకో పరీక్ష తెలుగిళ్లలో చాలామందికి తెలియకుండానే తెలుసు. మధుమేహానికి మంచిదని వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగేవాళ్లు ఆ నీటికి వచ్చే నీలిఛాయ చూసే ఉంటారు. ఆ జాతి చెక్కల నుంచి నీటిలోకి దిగే పదార్థం వెలుతురులో నీలంగా ప్రకాశిస్తుంది. చెక్క నిపుణులు రంపపు పొట్టును నీళ్లలో వేసి, అతినీలలోహిత దీపం కింద ఇదే చూస్తారు.

సముద్రపు ఒడ్డున కొట్టుకొచ్చిన కర్రను స్థానికమనుకుంటే పొరపాటు. హవాయి తీరాలకు ఉత్తర అమెరికా పడమటి తీరం నుంచి డగ్లస్ ఫర్, రెడ్‌వుడ్ దుంగలు వేల మైళ్లు తేలి వస్తాయి. వెనకటికి హవాయి రాజులు పెద్ద పడవలను వాటితో కూడా తొలిపించేవారు. పైగా ఒడ్డు కర్ర పగుళ్లలో ఇసుక దిగబడి ఉంటుంది. ఒక్క దుంగ తీసేసరికి ఉలి పదును పదిసార్లు పోతుంది. అందంగా ఉందని మోసుకొచ్చేవాళ్లే ఎక్కువ, లేత్ ఎక్కించేవాళ్లు తక్కువ.

స్వయంగా తేల్చుకోలేనివాళ్లకు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో 1910లో స్థాపించిన ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ ఉంది. అమెరికా అటవీశాఖకు చెందిన ఈ పరిశోధనశాలలో లక్షకు పైబడిన చెక్క నమూనాలు ఉన్నాయి. ప్రజలు పంపే ముక్కలను కూడా ఇక్కడి నిపుణులు పరిమిత సంఖ్యలో పరీక్షిస్తూ వచ్చారు. ఆ శాల పేరు దేశమంతా మోగిన సందర్భం ఒక నేర విచారణ. 1932లో విమాన వీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయినవాళ్లు ఇంటి దగ్గర ఒక చేతి నిచ్చెన వదిలి వెళ్లారు. ఆ శాలలోని ఆర్థర్ కోలర్ దాని కర్రల మీద చిత్రిక యంత్రం వదిలిన గాట్లను కొలిచి, దాన్ని దక్షిణ కరోలినాలోని ఒక రంపపు మిల్లు దాకా, అక్కడి నుంచి న్యూయార్క్‌లోని ఒక కలప డిపో దాకా వెనక్కి పట్టుకెళ్లాడు. నిచ్చెనలోని ఒక కమ్మీ నిందితుడి అటక మీది పలకలో భాగమేనని వలయాలను కలిపి 1935 విచారణలో సాక్ష్యమిచ్చాడు. చెక్క పుట్టుక అంత దూరం తవ్వవచ్చని మామూలు జనానికి తెలిసింది అప్పుడే. బ్రూస్ హోడ్లీ 1990లో ప్రచురించిన ఐడెంటిఫయింగ్ వుడ్ పుస్తకం ఇప్పటికీ అభిరుచి గలవాళ్ల అరలో ఉంటుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ నిర్వహించే ఇన్‌సైడ్‌వుడ్ అనే ఉచిత సమాచార నిధిలో లక్షణాలను ఎంచుకుంటూ పోతే జాతుల జాబితా కుదించుకుంటూ వస్తుంది. అయితే చాలా సందర్భాల్లో చెక్క చెప్పగలిగేది ప్రజాతి వరకే. ఆ పైన కచ్చితమైన జాతి పేరు కావాలంటే మళ్లీ ఆకుల దగ్గరికే రావాలి.

పేరు తేలాక చట్టం వస్తుంది. నేల మీద పడి ఉన్నంత మాత్రాన కర్ర ఎవరిదీ కాకుండా పోదు. అమెరికా జాతీయ పార్కుల్లో మొక్కలనూ వాటి భాగాలనూ తీసుకెళ్లడం నిషేధం. ఎండుపుల్ల కూడా, అనుమతించిన చోట చలిమంటకు వాడుకోవడం తప్ప, బయటికి తేకూడదు. జాతీయ అడవులు వేరే శాఖవి. అక్కడ అనుమతి పత్రం తీసుకుంటే కొన్నిచోట్ల వీలుంటుంది. ప్యూర్టో రికోలోని ఎల్ యుంకే జాతీయ అడవుల వ్యవస్థలో ఉన్న ఒకే ఒక్క ఉష్ణమండల వర్షారణ్యం. అది పుల్లలేరుకునే చోటు కాదని వేరే చెప్పాలా. హవాయి రాష్ట్ర అడవుల్లోనూ అనుమతి కావాలి. ఫ్లోరిడాలో మడచెట్లకు 1996 నాటి ప్రత్యేక చట్టం ఉంది. లిగ్నమ్ వైటే, అడవి మహాగని అక్కడి రాష్ట్ర రక్షిత జాబితాలో ఉన్నాయి. ఏ విధంగా చూసినా ప్రైవేటు స్థలంలో, యజమాని నోటితో సరే అన్న కర్రే నిశ్చింత. ఆ సరే ఒక కాగితం మీద ఉంటే మరీ మేలు.

ఆ కాగితం విలువ లేసీ చట్టం దగ్గర తెలుస్తుంది. దొంగ వేట మాంసాన్ని రాష్ట్రాల సరిహద్దులు దాటించకుండా 1900లో తెచ్చిన ఈ చట్టాన్ని 2008లో కలపకూ విస్తరించారు. ఒక రాష్ట్రంలోగానీ, విదేశంలోగానీ అక్కడి చట్టానికి విరుద్ధంగా తీసిన చెక్కను సరిహద్దు దాటిస్తే అది సమాఖ్య నేరం. తెలియదన్నంత మాత్రాన చెక్క జప్తు ఆగదు. గిటార్ల తయారీ సంస్థ గిబ్సన్ మీద మడగాస్కర్ నల్లచేవ మాను విషయంలో 2009లో సోదాలు జరిగాయి; 2012లో ఆ సంస్థ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని బయటపడింది. విదేశాల నుంచి తెచ్చేవాటికి, అపాయంలో ఉన్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కూడా అడ్డు నిలుస్తుంది. 2017 జనవరి నుంచి డల్బర్జియా జాతులు దాదాపు అన్నీ దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. ఫీనిక్స్ పెరట్లోని సిస్సూను అదే ఊళ్లో తిప్పుకుంటే దీనితో పని లేదు. దాని దుంగను దేశం దాటిస్తేనే పేచీ. శేషాచలం కొండల ఎర్రచందనం సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అది కూడా ఈ జాబితాలోదే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఎవరో ఇచ్చారని గుప్పెడంత ముక్కను సూట్‌కేసులో వేసుకున్నా రెండు దేశాల అధికారులకూ జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది.

చట్టం సంగతి అలా ఉంచితే, చెట్లకు పెద్ద శత్రువు దుంగలో దాగి ప్రయాణించే పురుగు, బూజు. హవాయి పెద్ద దీవిలో 2010 ప్రాంతంలో ఓహియా చెట్లు వారాల్లో నిలువునా ఎండిపోవడం మొదలైంది. సెరటోసిస్టిస్ అనే శిలీంధ్రం దానికి కారణమని 2014లో తేలింది. సోకిన చెట్టును పురుగులు తొలిచినప్పుడు రాలే పొట్టుతో, గొడ్డలికి అంటిన తడితో, దుంగతో అది ఊరు దాటుతుంది. అందుకే ఓహియా కర్రను ఆ దీవి నుంచి మరో దీవికి తీసుకెళ్లడం మీద ఆంక్షలు పెట్టారు. మన కోనసీమ రైతు తిట్టుకునే కొబ్బరి కొమ్ము పురుగు 2013 డిసెంబరులో ఓహు దీవిలో బయటపడి తాటి, కొబ్బరి జాతుల మీద పడింది. కుళ్లిన మోళ్లు, ఎరువు కుప్పలే దాని పిల్లలకు నెలవు. ఫ్లోరిడాలో అవకాడో తోటలను ఎండబెడుతున్న లారెల్ విల్ట్ జబ్బుకు మూలమైన ఆసియా పురుగు 2002లో జార్జియా రాష్ట్రపు ఓడరేవు దగ్గర కనిపించింది. ప్యాకింగ్ చెక్కలో వచ్చి ఉంటుందని నిపుణుల అంచనా. ప్యాకింగ్ చెక్కను లోపలి పొర దాకా 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు కాచాలని అంతర్జాతీయ నియమం వచ్చింది ఇలాంటి అనుభవాలతోనే.

హవాయి, ప్యూర్టో రికోల నుంచి ప్రధాన భూభాగానికి విమానం ఎక్కే ప్రతి సామానునూ అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు విమానాశ్రయంలోనే తనిఖీ చేస్తారు. మట్టి అంటిన ముక్క, పురుగు రంధ్రాల నుంచి పొడి రాలే ముక్క దాటదు. బెరడు పూర్తిగా ఒలిచి, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టిన చెక్కకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. బెరడంచును అలాగే ఉంచి గిన్నె చేద్దామనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని మాట. అయినా పురుగులు గుడ్లు పెట్టేది ఎక్కువగా బెరడు కిందే. అందానికి ఆశపడి ఒక రాష్ట్రపు తోటల మీద పందెం కాయడం తగదు. ఆక్రమించి పెరిగే చెట్లను కొడితే స్థానికులకు మేలే. హవాయిలో స్ట్రాబెర్రీ జామ, నేరేడు, గాలివానకు విరిగిపడే అల్బీజియా అలాంటివి. కొత్తగా వచ్చిన సేకర్త చేయి పెట్టాల్సింది ముందు వాటి మీద.

కొన్ని చెట్లను తాకనే కూడదు. ఫ్లోరిడా కీస్‌లో, ఎవర్‌గ్లేడ్స్‌లో, ప్యూర్టో రికో తీరాల్లో పెరిగే మంచినీల్ చెట్టు పాలు పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే. కాల్చితే పొగ కళ్లను దెబ్బతీస్తుంది. కాయ చిన్న యాపిల్‌లా తియ్యగా ఉంటుందని కొరికినవాళ్లు నోరు కాలి ఆసుపత్రి పాలయ్యారు. దానికన్నా తరచుగా ఎదురయ్యేది పాయిజన్‌వుడ్. ఇది జీడి, మామిడి కుటుంబానిదే. నల్లజీడి రసం తగిలి చర్మం కమిలిన అనుభవం ఉన్నవాళ్లకు దీని స్వభావం విడమరచనక్కర్లేదు. బెరడు మీద నూనె చిందినట్టు నల్లటి మచ్చలు దాని గుర్తు. చెక్క చూడ్డానికి ఎర్రగా, గీతలతో ముచ్చటగా ఉండటమే చిక్కు. అదే కుటుంబం కావడంతో మామిడి పొట్టు కూడా కొందరికి దద్దుర్లు తెస్తుంది. డల్బర్జియా పొడికి ఒళ్లు అలవాటు పడటం కాదు, పనిచేసే కొద్దీ పడకపోవడం పెరుగుతుంది. అసలు ఏ చెక్క పొడినైనా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పేరు తెలియని కర్రను లేత్ మీద పెట్టేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, బిగుతైన పొడవు చేతుల చొక్కా తప్పనిసరి.

దుంగ దొరికిన క్షణం నుంచి గడియారం పరుగు మొదలవుతుంది. నీరు నిలువు ముఖాల కన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు వేగంగా ఆవిరవుతుంది; కొస కుంచించుకుపోతుంది, లోపలి భాగం కదలదు, మధ్యలో చెక్క బీటలు వారుతుంది. పైగా చెక్క వలయాల వెంబడి కుంచించుకునే మేర, కేంద్రం వైపు కుంచించుకునే మేరకు సుమారు రెట్టింపు. దవ్వతో కూడిన గుండ్రటి దుంగ పగలక తప్పనిది ఈ లెక్క వల్లే. అందుకే దవ్వ గుండా నిలువునా చీల్చి, రెండు బద్దలు చేసి, కొసలకు మైనం కలిసిన పూత పూస్తారు. ప్రయాణంలో అది దొరకకపోతే పాత ఇంటి రంగో, కరిగించిన కొవ్వొత్తో గతి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచితే బీటలు ఆగుతాయి గానీ ఉక్కపోతకు మూడు నాలుగు రోజుల్లో చేవ పట్టని తెల్ల భాగమంతా నీలి బూజు పడుతుంది. మామిడి లాంటి వాటిలో శిలీంధ్రాలు గీసే నల్ల గీతలను కోరి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు; స్పాల్టింగ్ అంటారు దాన్ని. కొద్దిగా ఆలస్యమైతే అదే చెక్క చేతిలో పొడి అవుతుంది.

మోయడం మరో లెక్క. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత, అంతే పొడవున్న పచ్చి దుంగ 20 కిలోలు దాటుతుంది, అంటే విమానంలో ఒక పెట్టెకు అనుమతించే 23 కిలోలను దాదాపు మింగేస్తుంది. తెలివైన మార్గం స్థానిక లేత్ సంఘంలో ఎవరినైనా ముందే పరిచయం చేసుకుని వాళ్ల లేత్ మీద గిన్నెను ముతకగా తీసుకోవడం. అడ్డుకొలతలో పదో వంతు మందం ఉంచి తీస్తే బరువు మూడో వంతుకు పడిపోతుంది, ఎండేటప్పుడు వంకరపోయినా తర్వాత సరిచేసుకునే మందం మిగులుతుంది. అలా కుదరనివాళ్లు పోస్టాఫీసు వాళ్ల ఒకే ధర పెట్టెలను వాడుకుంటారు. ఎంత బరువైనా, 70 పౌండ్ల వరకు, అదే రుసుము కాబట్టి చెక్క పంపేవాళ్లకు అంతకన్నా లాభసాటి బేరం లేదు. తపాలాకూ వ్యవసాయ తనిఖీ నియమాలు వర్తిస్తాయని మరవకూడదు. ఇంధనపు ఆనవాలున్న చైన్‌సాను విమానం ఎక్కనివ్వరు. మడత రంపం, అది కూడా చెక్-ఇన్ సామానులో, ప్రయాణికుడికి సరైన పనిముట్టు.

ఇల్లు చేరాక వాతావరణం మారుతుంది. ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీ ప్రచురించే వుడ్ హ్యాండ్‌బుక్ ప్రకారం అమెరికాలో చాలాచోట్ల ఇళ్లలోపల చెక్క 8 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. తేమగల తీరాల్లో 11, ఆరిజోనా లాంటి ఎడారి ప్రాంతాల్లో 6. హవాయిలోని హిలోలో పొడిబారిందనిపించిన మిలో గిన్నె ఫీనిక్స్ ఇంట్లో మళ్లీ కుంచించుకుంటుంది. కాబట్టి ముతక గిన్నెను కాగితం సంచిలో పెట్టి నెలల తరబడి, బరువు తగ్గడం ఆగేదాకా తూచి చూసి, అప్పుడే చివరి కోత పెట్టాలి. దొరికే కర్రల్లో నార్ఫక్ ఐలాండ్ పైన్‌ది భిన్నమైన అందం. దాని కొమ్మలు కాండం చుట్టూ చక్రంలా ఒకే వరుసలో పుడతాయి కాబట్టి గిన్నె గోడ మీద ముడులు నక్షత్రంలా అమరుతాయి. హొనొలులు కళాకారుడు రాన్ కెంట్ ఆ చెక్కను కాగితమంత పలచగా తీసి, మళ్లీ మళ్లీ నూనెలో నానబెట్టి, సాన పట్టి, దీపపు వెలుగు గోడ గుండా ఎర్రగా దాటేలా చేశాడు. ఒక వీధి అలంకారపు చెట్టు ప్రపంచ మ్యూజియాలకు చేరింది ఆయన చేతుల మీదుగానే.

మిగిలింది చీటీ. 1947లో ఏర్పడిన అంతర్జాతీయ చెక్క సేకర్తల సంఘం సభ్యులు 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు, అర అంగుళం మందం గల పలకలుగా నమూనాలు దాచి, ప్రతిదాని మీదా శాస్త్రీయ నామం, దొరికిన చోటు రాస్తారు. లేత్ పనివాళ్లకు అంత క్రమశిక్షణ లేకపోయినా కనీసం దుంగ కొస మీద పెన్సిలుతో ఊరు, తేదీ, ఎవరి స్థలం, అనుమానిస్తున్న పేరు రాసుకోవడం అలవాటు కావాలి. కాగితం చీటీలు ఊడిపోతాయి. గిన్నె పూర్తయ్యాక అడుగున కాల్చే కలంతో ఆ వివరాలనే చెక్కుతారు; పేరు తేలకపోతే ఊహించి రాయకుండా ఊరు, ఏడాది మాత్రం పెడతారు. అదే దుంగ నుంచి నూనె తగలని, పూత పడని వేలెడంత ముక్కను, ఫోటో తీసిన ఆకుతో కలిపి విడిగా దాస్తే తర్వాత ఎప్పుడైనా భూతద్దం కింద పెట్టి తేల్చుకోవచ్చు.